కన్జర్వేటివ్ న్యాయమూర్తి అంటే రిపబ్లికన్ పార్టీ మనిషేనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: అమెరికా సుప్రీంకోర్టులోని తొమ్మిదిమందిలో ఆరుగురిని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులే. రాజ్యాంగాన్ని రాసిననాటి అర్థంలోనే చదవాలని వాళ్లు చెప్పే సిద్ధాంతమంతా పార్టీకి కావలసిన తీర్పులు ఇవ్వడానికి వేసుకున్న ముసుగు కాదా? అక్కడ లా చదువుతున్న మీ అమ్మాయి కాదంటోంది, మీరు అవునంటున్నారు. వారం వారం ఫోనులో ఇదే వాదన.

నేను మీ అమ్మాయి వైపు. పూర్తిగా కాదు, ముప్పావు వంతు. మిగిలిన పావు మీకు ఎక్కడ ఇవ్వాలో అక్కడ ఇస్తాను. నేనెవరో ముందే చెప్పడం మర్యాద: న్యూజెర్సీలో 28 ఏళ్లుగా వకీలుగా పనిచేస్తున్నాను, ఎక్కువగా వీసాలు, పౌరసత్వం కేసులు. నా భావాలు కన్జర్వేటివ్ భావాలే, పార్టీ సభ్యత్వం మాత్రం ఏదీ లేదు. నా మాటలను ఆ ఎరుకతోనే చదవండి.

1984లో డాలస్ నగరంలో రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభ జరుగుతోంది. రీగన్‌ను రెండోసారి అభ్యర్థిగా నిలబెట్టిన సభ అది. బయట నిరసన ఊరేగింపు. నగర కార్యాలయం ముందు గ్రెగరీ లీ జాన్సన్ అనే అతను అమెరికా జెండా మీద కిరోసిన్ పోసి నిప్పంటించాడు. టెక్సస్‌లో అతనికి ఏడాది జైలు, 2,000 డాలర్ల జరిమానా పడ్డాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1989లో న్యాయమూర్తులు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయ్యారు. జెండా కాల్చడం కూడా ఒక అభిప్రాయం చెప్పడమే, దానికి శిక్ష వేయడం రాజ్యాంగ విరుద్ధమని అయిదుగురు తేల్చారు. వారిలో ఒకరు ఆంటొనిన్ స్కాలియా. 1986లో రీగన్ నియమించిన మనిషి, కన్జర్వేటివ్ వకీళ్లకు ఈనాటికీ గురుతుల్యుడు. ఆయన ఓటు అటు పడి ఉంటే జాన్సన్ శిక్ష ఖాయమయ్యేది. శిక్ష ఉండాలన్న నలుగురిలో ఎవరున్నారో తెలుసా? లిబరల్‌గా పేరు పడిన జాన్ పాల్ స్టీవెన్స్. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసినవారు. జెండా ఆయనకు గుడ్డముక్క కాదు.

స్కాలియా తర్వాత ఎన్నో సభల్లో ఈ కేసు సంగతి చెప్పేవారు. తానే రాజునైతే జెండా కాల్చే ఆ మాసిన గడ్డాల వాళ్లందరినీ జైల్లో వేయించేవాణ్ణని, కానీ తాను రాజును కానని.

మీ అనుమానానికి నా సమాధానం ఆ "రాజును కాను" దగ్గరే మొదలవుతుంది. న్యాయమూర్తి ముందుకు వచ్చే ప్రశ్న "ఏది మంచిది?" అని కాదు, "దీన్ని నిర్ణయించవలసింది ఎవరు?" అని. రాజ్యాంగం ఒక విషయాన్ని తేల్చేసి ఉంటే ఆ తేల్చినదానికి కట్టుబడాలి, తనకు ఎంత ఒళ్లు మండినా సరే. రాజ్యాంగం ఏమీ చెప్పకపోతే ఆ సంగతి ప్రజలకు, వాళ్లు ఎన్నుకున్న సభలకు వదిలిపెట్టాలి, తనకు ఎంత ముచ్చటగా ఉన్నా సరే. ఏం చెప్పిందో తెలుసుకోవడానికి, ఆ మాటలు రాసిన కాలంలో మామూలు చదువరికి ఏ అర్థం ఇచ్చేవో అదే పట్టుకోవాలి. దీన్నే ఒరిజినలిజం అంటారు, మనం మూలార్థవాదం అనుకుందాం. సామాన్య చట్టాల విషయంలో ఇదే పద్ధతిని టెక్స్చువలిజం అంటారు. చట్టం చేసినవారి మనసులో ఏముందో వెతకకు, కాగితం మీద ఏముందో చూడు అని.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మన దేశంలో 1951లో వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ వాక్స్వాతంత్ర్యానికి హద్దులు పెంచింది. అమెరికాలో 1791లో వచ్చిన మొదటి సవరణ ఆ స్వాతంత్ర్యం జోలికి వెళ్లవద్దని ప్రభుత్వాన్ని కట్టడి చేసింది. మన దగ్గర జెండా కాలిస్తే 1971 నాటి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. మనవాళ్లు అమెరికా కన్జర్వేటివ్‌లను మన సంప్రదాయవాదులతో పోల్చుకుని తికమక పడేది ఇక్కడే. వాళ్లు కాపాడాలనుకునే సంప్రదాయంలో ప్రభుత్వం మీద అపనమ్మకం ఒక పెద్ద భాగం.

పద్ధతి బాగానే ఉంది, మరి ఆచరణలో? నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టిన ఒక వాక్యం చూపిస్తాను. తుపాకుల గురించిన రెండో సవరణ. ఇంగ్లీషులో 27 మాటలు. దాన్ని ఒకసారి తెలుగు సంఘం వారి పత్రిక కోసం అనువదించమన్నారు. పది నిమిషాల పని అనుకుని కూర్చుంటే సాయంత్రం అయిపోయింది. రాసినది ఇలా వచ్చింది: "చక్కగా క్రమబద్ధమైన పౌరసేన స్వేచ్ఛాయుత రాజ్యపు భద్రతకు అవసరం కనుక, ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు." ఆ "కనుక" చూడండి. మూలంలో ఆ మాట లేదు. మొదటి భాగం ఒక కామాతో వేలాడుతూ ఉంటుంది, రెండో భాగానికి దానితో ఉన్న బంధం ఏమిటో విప్పి చెప్పదు. తెలుగు వాక్యం అలా వేలాడనివ్వదు. "కనుక" అనో, "కోసం" అనో, "అవసరం." అని పూర్ణవిరామం పెట్టో ఏదో ఒకటి తేల్చాలి. నేను ఏది రాసినా ఒక పక్షం తరఫున తీర్పు ఇచ్చినట్టే.

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు కొట్లాట సరిగ్గా దీని మీదే. వాషింగ్టన్ నగరం ఇంట్లో చేతితుపాకీ ఉంచుకోవడాన్ని నిషేధించింది. పౌరసేన మాట కేవలం ఉద్దేశం చెప్పే పీఠిక, హక్కు మాత్రం ప్రజలందరిదీ అని స్కాలియా రాశారు. ఆ పీఠికే హక్కుకు హద్దు అని స్టీవెన్స్ రాశారు. నేను గమనించినది వేరు: ఇద్దరూ 18వ శతాబ్దపు చట్టాలు, నిఘంటువులు, రాష్ట్రాల రాజ్యాంగాలు తిరగేస్తూనే వాదించారు. లిబరల్ న్యాయమూర్తి కూడా ఎదుటివాడి మైదానంలో ఎదుటివాడి నియమాలతోనే ఆడవలసి వచ్చింది. స్కాలియా గెలుపు 5-4 ఓట్లలో కన్నా ఇందులోనే ఎక్కువ ఉంది. నా వరకు ఆయన వాదనే సరైనదనిపిస్తుంది. కారణం "ప్రజల హక్కు" అన్న మాటే. మొదటి సవరణలో, నాలుగో సవరణలో ఆ మాట ఒక్కొక్క మనిషి హక్కునే చెబుతుంది, మధ్యలో రెండోదానికి మాత్రం అర్థం మారదు.

అయితే ఈ దారి అంత నున్నగా లేదు. 2022లో బ్రూయెన్ కేసులో మరో కన్జర్వేటివ్ న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ ఇంకో అడుగు వేసి, తుపాకుల మీద ఏ ఆంక్ష నిలవాలన్నా దానికి చరిత్రలో పోలిక చూపించాలన్నారు. కింది కోర్టుల న్యాయమూర్తులు రాత్రికి రాత్రి చరిత్రకారులు కావలసి వచ్చింది. రెండేళ్లకే రహీమి కేసు వచ్చింది. తనతో ఉన్న స్త్రీ మీద దౌర్జన్యం చేసినందుకు కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండవచ్చా? ఉండరాదని ఎనిమిదిమంది. ఉండవచ్చని ఒకే ఒక్కరు. ఆ ఒక్కరు థామస్. బ్రూయెన్ రాసిన మనిషే, తాను చెప్పిన పద్ధతిని మిగతావాళ్లు సరిగ్గా పాటించలేదని ఏకాకిగా నిలబడ్డారు. ఆయన పొరపడ్డారనే నా ఉద్దేశం. కానీ పార్టీ మనిషి అలా నిలబడడు, ఎనిమిదిమందితో కలిసి చప్పట్లు కొడతాడు.

గర్భస్రావం సంగతి రాకుండా ఈ సంభాషణ ముగియదని తెలుసు. గర్భస్రావం రాజ్యాంగం ఇచ్చిన హక్కే అన్న 1973 నాటి రో తీర్పు 7-2తో వచ్చింది. ఆ ఏడుగురిలో అయిదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే, తీర్పు రాసిన బ్లాక్‌మన్ కూడా నిక్సన్ నియమించినవారే. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు, బైరన్ వైట్, డెమోక్రాట్ అయిన కెనెడీ నియమించినవారు. కన్జర్వేటివ్‌ల అసలు ఫిర్యాదు గర్భస్రావం తప్పా ఒప్పా అన్నది కాదు, రాజ్యాంగంలో ఆ మాటే లేనప్పుడు తొమ్మిదిమంది 50 రాష్ట్రాలకు ఎలా తేల్చి చెబుతారని. జాన్ హార్ట్ ఈలీ అనే న్యాయ ఆచార్యుడు గర్భస్రావ స్వేచ్ఛ ఉండాలని కోరుకున్నవాడే, అయినా ఆ తీర్పు రాజ్యాంగంలో నుంచి వచ్చింది కాదని ఆ ఏడే రాశాడు.

2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో పోయింది. రాష్ట్రాలన్నీ ఇక నిషేధిస్తాయనుకున్నవారికి ఆరు వారాల్లో కాన్సస్ సమాధానం చెప్పింది. అది రిపబ్లికన్ల కంచుకోట. అక్కడి రాష్ట్ర రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు లేదని చేర్చే సవరణను ఓటర్లు దాదాపు 59 శాతం మంది తిరస్కరించారు. మరుసటి ఏడు ఒహాయో ఓటర్లు ఏకంగా హక్కునే రాసుకున్నారు. "ఎవరు నిర్ణయించాలి" అన్న ప్రశ్నకు ఇదే సమాధానం అంటాను నేను. టెక్సస్‌లో ఉండే మా చెల్లెలు ఈ మాట అంటే నా మీద విరుచుకుపడుతుంది. ఓటింగు పెట్టే వీలు లేని రాష్ట్రంలో ఉన్న ఆడపిల్ల ఏం చేయాలని ఆమె ప్రశ్న. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. చట్టసభను మార్చుకోవాలి అంటాను. అప్పటిదాకా, అంటుంది.

సవరణ మాట వచ్చింది కాబట్టి ఒక తేడా. మనకు రాజ్యాంగ సవరణ అంటే వార్తాపత్రికలో రెండో పేజీ వార్త, ఇప్పటికే వందకు పైగా అయ్యాయి. అమెరికాలో మొత్తం 27. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. చివరిది 1992లో వచ్చింది, తమాషా ఏమిటంటే దాన్ని ప్రతిపాదించింది 1789లో. 1982లో టెక్సస్ విద్యార్థి ఒకడు, ఇది ఇంకా బతికే ఉందని వ్యాసం రాస్తే అత్తెసరు మార్కులు వేశారట. పట్టుదల కొద్దీ రాష్ట్రాలకు ఉత్తరాలు రాసి సాధించాడు. నవ్వుకోవడానికి బాగుంది కానీ మూలార్థవాదానికి అసలు బలహీనత ఇక్కడే ఉంది. "మార్చుకోవాలంటే సవరణ ద్వారా మార్చుకోండి" అని చూపించే తలుపు తరానికి ఒకసారైనా తెరుచుకోదు.

మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు 1967లో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ప్రధాన న్యాయమూర్తిగా తీర్పు ఇచ్చారు. 1973లో కేశవానంద భారతి కేసు దాన్ని పక్కకు నెట్టి, సవరణలు చేయవచ్చు కానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్న సిద్ధాంతం తెచ్చింది. స్కాలియా శిష్యులెవరైనా దాన్ని చదివితే మొదట వేసే ప్రశ్న, "ఈ మౌలిక స్వరూపం, సవరణల గురించిన 368వ అధికరణంలో ఎక్కడ రాసి ఉంది?" ఆ ప్రశ్నకు అక్షరాలా సమాధానం లేదు. అయినా ఎమర్జెన్సీ చూసిన మా నాన్నగారు ఆ సిద్ధాంతాన్ని దేవుడిచ్చిన వరంలా చెప్పేవారు. సవరణ సులభమైన దేశానికి ఒక మందు, కష్టమైన దేశానికి వేరొక మందు కావచ్చునేమో అని నాకు అనిపిస్తుంది. నా కన్జర్వేటివ్ మిత్రులు ఈ మాట ఒప్పుకోరు.

పార్టీ మనుషులే అన్న మీ అభియోగానికి గట్టి ఎదురుదెబ్బ నీల్ గోర్సచ్. ట్రంప్ మొదటిసారి నియమించిన న్యాయమూర్తి. 2020 జూన్‌లో బొస్టాక్ కేసు. 1964 నాటి పౌరహక్కుల చట్టం, లింగం కారణంగా ఉద్యోగంలో వివక్ష కూడదంటుంది. స్వలింగ సంపర్కుడైన కారణంగా ఒకరిని ఉద్యోగంలోంచి తీసేస్తే అది ఆ చట్టం కిందికి వస్తుందా? గోర్సచ్ వాదన మన పల్లెటూరి పంచాయితీలో చెప్పినా అర్థమవుతుంది. ఒకే పని చేసే ఇద్దరు ఉద్యోగులున్నారు, ఇద్దరూ మగవాళ్లనే ఇష్టపడతారు. వారిలో ఒకరు ఆడ, ఒకరు మగ. మగవాణ్ణి మాత్రం తీసేశారు. తేడా ఎక్కడుంది? లింగంలోనే. మరి అది లింగం కారణంగా కాకపోతే ఇంకేమిటి? 6-3తో తీర్పు వచ్చింది. ఆయన్ను నెత్తిన పెట్టుకున్న వర్గాలే ద్రోహి అన్నాయి. తోటి కన్జర్వేటివ్ శామ్యూల్ అలీటో అయితే, ఈ తీర్పు టెక్స్చువలిజం జెండా ఎగరేసుకుని వచ్చిన దొంగల ఓడ అని రాశారు. మరుసటి నెలలోనే గోర్సచ్ ఇంకో బాంబు వేశారు: ఓక్లహోమా తూర్పు భాగంలో పెద్ద ప్రాంతాన్ని 19వ శతాబ్దపు ఒప్పందాల్లో క్రీక్ తెగకు ఇచ్చారు, దాన్ని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదు, కాబట్టి అది ఈనాటికీ వాళ్ల ప్రత్యేక భూమేనని. ఆ రాష్ట్రాన్ని ఏలుతున్నది రిపబ్లికన్లు.

ఒకే పద్ధతి పాటిస్తామనే గోర్సచ్, అలీటో, ట్రంప్ నియమించిన మరో న్యాయమూర్తి కావనా బొస్టాక్‌లో ఒకే వాక్యం చదివి వేర్వేరు చోట్లకు చేరారు కదా అంటారు మీరు. నిజమే. పద్ధతి త్రాసు లాంటిది కాదు, పెట్టగానే ముల్లు ఒకేచోట ఆగడానికి.

ఇక మీ పావు వంతు. మొదటిది, షెవ్రాన్ అనే కేసు కథ. చట్టంలో ఒక మాట అస్పష్టంగా ఉంటే ప్రభుత్వ శాఖ చెప్పిన అర్థాన్ని కోర్టులు గౌరవించాలని 1984లో సుప్రీంకోర్టు అంది. ఆ కేసులో గెలిచింది రీగన్ ప్రభుత్వపు పర్యావరణ సంస్థ. అంతకుముందు దాని అధిపతి ఆన్ గోర్సచ్, నీల్ తల్లి. శాఖలు తమ చేతిలో ఉన్నన్నాళ్లూ కన్జర్వేటివ్‌లకు ఆ సూత్రం ముద్దొచ్చింది, స్కాలియాయే దాన్ని వెనకేసుకొచ్చారు. 40 ఏళ్లకు, 2024 జూన్‌లో, చేపల పడవల వాళ్ల కేసులో దాన్ని కొట్టేశారు, కొట్టేసినవారిలో కొడుకు గోర్సచ్ ఉన్నారు. కొట్టేయడం సరైనదే అని నా అభిప్రాయం. కానీ ఈ జ్ఞానోదయం డెమోక్రాట్ల ప్రభుత్వాలు శాఖల ద్వారా పాలించడం పెరిగాక కలిగిందంటే, ఏ ఎండకు ఆ గొడుగు అని మీరు నవ్వితే నేను అడ్డు చెప్పలేను.

రెండోది ఇంకా గట్టిది. 2024 జులై 1న ట్రంప్ కేసులో ఆరుగురు కన్జర్వేటివ్‌లు, మాజీ అధ్యక్షుడు పదవిలో ఉండగా చేసిన అధికారిక పనులకు క్రిమినల్ విచారణ నుంచి విస్తారమైన రక్షణ ఉందని తీర్పు ఇచ్చారు. ఆ రోజు రాత్రి తీర్పు మొత్తం అచ్చు తీసి, రాజ్యాంగం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ రక్షణ రాజ్యాంగంలో ఏ వాక్యంలో ఉందో నాకు దొరకలేదు. పైగా మొదటి అధికరణంలో, అభిశంసన వల్ల పదవి పోయినవాడిని మామూలు కోర్టులో విచారించి శిక్షించవచ్చని స్పష్టంగా ఉంది. కాగితం మీద ఏముందో చూడమని పాతికేళ్లుగా చెబుతున్నవాళ్లు అధికార విభజన స్వభావం, పదవి అవసరాలు అంటూ మాట్లాడారు. విభేదించిన లిబరల్ న్యాయమూర్తి సొటొమయోర్ రాజ్యాంగ పాఠాన్ని పట్టుకుని వాదించారు. ఆ రోజు పాత్రలు తారుమారయ్యాయి. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత గుర్తుకొచ్చింది.

నియామకాల రాజకీయం మీద ఎక్కువ చెప్పను. 2016లో ఎన్నికల ఏడు అని ఒబామా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన మెరిక్ గార్లండ్‌కు, నియామకాలను ఆమోదించవలసిన సెనేట్, అప్పుడు రిపబ్లికన్ల చేతిలో ఉన్నది, విచారణే జరపలేదు. 2020లో ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు ట్రంప్ ప్రతిపాదించిన ఎమీ కోనీ బారెట్‌ను ఆమోదించింది. దీనికి సిద్ధాంతం రంగు పూయడం దండగ. అయితే అదే సెనేట్ కూర్చోబెట్టిన కోర్టు, ఆ డిసెంబరులో ట్రంప్ ఓడిన నాలుగు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలను ఆపమని టెక్సస్ వేసిన వ్యాజ్యాన్ని స్వీకరించలేదు. పార్టీ మనుషులైతే రుణం తీర్చుకునే సమయం అంతకన్నా ఏముంటుంది?

ఇదంతా దూరపు గొడవ అనుకుంటున్నారేమో. 2025 జనవరి చివరి వారంలో మా ఆఫీసుకు ఒక జంట వచ్చింది. ఇద్దరూ హైదరాబాదు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు, అతనిది హెచ్-1బీ, ఆమెది కూడా అదే. ఆమెకు ఎనిమిదో నెల. కొత్త అధ్యక్షుడు మొదటిరోజే ఇచ్చిన ఉత్తర్వు చేతిలో అచ్చు వేసుకుని వచ్చారు. తల్లి అక్రమంగా ఉన్నా, చట్టబద్ధంగానే అయినా తాత్కాలిక వీసా మీద ఉన్నా, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, 30 రోజుల తర్వాత పుట్టే బిడ్డను పౌరుడిగా గుర్తించేది లేదని అందులో ఉంది. డాక్టరు చెప్పిన తేదీ మార్చి 4. "ముందే ఆపరేషన్ చేయించుకుంటే ఫిబ్రవరి 19 లోపల అవుతుంది కదండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. నా వృత్తిలో నేను విన్న ప్రశ్నల్లో నన్ను అంతగా కదిలించినది ఇంకొకటి లేదు. 2023లో హార్వర్డ్ ప్రవేశాల్లో జాతి పరిగణన వద్దన్న తీర్పు వచ్చినప్పుడు, మన పిల్లలకు న్యాయం జరిగిందని ఈ కోర్టును మెచ్చుకున్న కుటుంబాలే, ఆ వారం నాకు భయం భయంగా ఫోను చేశాయి.

నేను ఆ అమ్మాయికి డాక్టరు చెప్పిన తేదీకే కనమని చెప్పాను. ధైర్యం చెప్పడానికి నేను వాడినవి లిబరల్ వాదనలు కావు, నా పక్షం పద్ధతే. 14వ సవరణ 1868 నాటిది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడిన వారందరూ పౌరులే అంటుంది. నల్లజాతివారు పౌరులే కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును చెరిపేయడానికి వచ్చిన వాక్యం. గొడవంతా "లోబడిన" అన్న మాట మీద. తాత్కాలికంగా ఉన్నవారి విధేయత వేరే దేశానికి కదా, లోబడినట్టు ఎలా అవుతుందని ఉత్తర్వును సమర్థించే కన్జర్వేటివ్‌లు అంటారు. సరే, ఆ కాలపు అర్థమే చూద్దాం. 1866లో సెనేట్‌లో ఈ వాక్యం చర్చకు వచ్చినప్పుడు పెన్సిల్వేనియా సభ్యుడు కవన్, అయితే కాలిఫోర్నియాలో చైనీయుల పిల్లలూ పౌరులవుతారా అని అడిగాడు. ఆ రోజుల్లో చైనీయులు తాము పౌరులు కావడానికే వీలు లేదు. కాలిఫోర్నియా సభ్యుడు కానెస్ లేచి, అవుతారు, కావాలి అన్నాడు. తెలిసే రాసుకున్నారు. అదీగాక లోబడి ఉండటం అంటే చట్టం కిందికి రావడం. విదేశీ రాయబారిని ఇక్కడ అరెస్టు చేయలేరు, అందుకే అతని బిడ్డకు మినహాయింపు. హెచ్-1బీ మీద ఉన్న తండ్రి ఎర్రదీపం దాటితే పోలీసు ఊరుకుంటాడా?

1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 6-2తో తేలింది ఇదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినవాడు, చైనా వెళ్లి తిరిగి వస్తే ఓడ దిగనివ్వలేదు. అతను పౌరుడే అంది కోర్టు. అయితే అతని తల్లిదండ్రులు ఇక్కడ స్థిరనివాసం ఉన్నవారని ఆ తీర్పులో పదేపదే ఉంది, ఉత్తర్వు సమర్థకులు పట్టుకున్న కొమ్మ అది. అంత బలమైన కొమ్మ కాదని నా అంచనా. ఇప్పుడు న్యాయమూర్తిగా ఉన్న జేమ్స్ హో, కన్జర్వేటివ్‌లలో కన్జర్వేటివ్, 2006లోనే పుట్టుకతో పౌరసత్వం 14వ సవరణలో స్పష్టంగా ఉందని వ్యాసం రాశారు. ఈ ఉత్తర్వును మొట్టమొదట ఆపిన సియాటిల్ న్యాయమూర్తి జాన్ కోఘనూర్‌ను నియమించింది రీగన్. ఇది బాహాటంగా రాజ్యాంగ విరుద్ధమని ఆయన మొహం మీదే చెప్పారు.

ఆ జూన్‌లో సుప్రీంకోర్టు, ఉత్తర్వు మంచిచెడ్డల జోలికి పోకుండా, ఒక జిల్లా న్యాయమూర్తి దేశం మొత్తానికి వర్తించే నిలుపుదల ఇవ్వడం కుదరదని 6-3తో అంది. మన సంఘాల్లో శోకాలు. నా క్లయింట్లకు నష్టమైనా ఆ సూత్రం సరైనదే అని నేను అన్నందుకు కొందరు మాట్లాడటం మానేశారు. ఒబామా విధానాన్ని టెక్సస్‌లో ఒక న్యాయమూర్తి అలా ఆపినప్పుడు వాళ్లే గగ్గోలు పెట్టారు. రెండు వారాలు తిరక్కుండా న్యూహాంప్‌షైర్‌లో, జార్జ్ డబ్ల్యూ బుష్ నియమించిన న్యాయమూర్తి ఒకరు, పుట్టే పిల్లలందరినీ ఒకే వాదివర్గంగా గుర్తించి ఉత్తర్వును మళ్లీ ఆపారు. సుప్రీంకోర్టు తెరిచి ఉంచిన దారే అది.

నా ధీమాకు మచ్చ ఒకటుంది, దాన్ని దాచను. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వాదించాడు. అప్పటి చట్టం "తెల్లవారికి" అంటుంది. మూడు నెలల ముందు ఒక జపానీయుడి కేసులో, తెల్లవారంటే కాకేసియన్ జాతి అని అదే కోర్టు అంది. థిండ్ శాస్త్రవేత్తల పుస్తకాలు పట్టుకుని, ఉత్తర భారతీయులు కాకేసియన్లే అన్నాడు. శాస్త్రం సంగతి మాకెందుకు, ఆ మాట సామాన్యుడికి ఏ అర్థం ఇస్తుందో అదే మాకు ముఖ్యం అని అందరూ ఏకకంఠంతో కొట్టేశారు. సామాన్యుడి అర్థం! నేను పైన మెచ్చుకున్న కొలతబద్దే అది. చట్టసభ దాన్ని సరిదిద్ది భారతీయులకు పౌరసత్వం తెరిచింది 1946లో, 23 ఏళ్లకు. మా ఆఫీసు గోడకు ఆ తీర్పు మొదటి పేజీ చట్రం కట్టించి పెట్టుకున్నాను.

ఆ జంటకు మార్చి 6న ఆడపిల్ల పుట్టింది. మేలో పాస్‌పోర్టు వచ్చింది.

మీ అమ్మాయితో ఈసారి మాట్లాడేటప్పుడు ఒక ఆట ఆడి చూడండి. మూడు తీర్పులు ఎంచుకోండి: పోలీసులు బయట నిలబడి వేడిని పసిగట్టే యంత్రంతో ఇంట్లో గంజాయి పెంపకాన్ని కనిపెట్టడం సోదా కిందికే వస్తుందన్న 2001 నాటి కైలో, ముద్దాయికి సాక్షిని ఎదురుగా ప్రశ్నించే హక్కు ఉందన్న 2004 నాటి క్రాఫర్డ్, నేను పైన చెప్పిన బొస్టాక్. రాసినవారి పేరు చేత్తో మూసి, ఎవరు రాశారో ఊహించమనండి. ఆమె చదివే ఉంటుంది కాబట్టి ఆమెకు తేలిక. అందుకే ఆమెను ప్రశ్నలు అడగమనండి, జవాబులు మీరు చెప్పండి. మొదటి రెండూ స్కాలియా, మూడోది గోర్సచ్ రాసినవని మీకు నేనే చెప్పేశాను కాబట్టి వాటి బదులు వేరేవి వెతుక్కోవలసి వస్తుంది. మా అబ్బాయి ఇంజనీరు, వాడితో ఆడితే మూడింటికి మూడూ తప్పు చెప్పాడు.